లింకుకూ బదిలీ ఉంటుంది

ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చిందంటే మన ఇళ్ళల్లో సామాను సర్దడం కన్నా విసుగు పుట్టించే పని ఇంకొకటి ఉంటుంది. అదే చిరునామా మార్చుకోవడం. బ్యాంకులో ఒకసారి, గ్యాసు ఏజెన్సీలో ఒకసారి, ఆధార్‌లో ఒకసారి, బీమా కాగితాల్లో మరొకసారి. పాత క్వార్టర్స్ నంబరు ఎక్కడెక్కడ రాసి ఉందో ఇంట్లో ఎవరికీ పూర్తిగా గుర్తుండదు. అన్నీ మార్చేశాం అనుకుంటాం. ఆరు నెలలకు ఏదో ఒక ముఖ్యమైన ఉత్తరం పాత ఊరికే వెళ్ళి, తలుపుకు తాళం చూసి, వెనక్కి తిరిగిపోతుంది.

వెబ్‌సైట్లలో ఉండే లింకులకు కూడా అచ్చంగా ఇదే కష్టం ఉంది. లింకు అంటే ఒక చిరునామా. అవతలి వాళ్ళు ఇల్లు మారితే ఇవతల రాసిపెట్టిన చిరునామా పనికిరాకుండా పోతుంది. ఆ లింకు వెనుక డబ్బు లెక్క కూడా ఉంటే చిక్కు ఇంకా పెరుగుతుంది. అలాంటి వాటిని అఫిలియేట్ లింకులు అంటారు. ఒక సైటు నిండా ఉన్న అఫిలియేట్ లింకులను ఎలా అదుపులో పెట్టుకుంటారు, వాటి లెక్క ఎలా చూస్తారు, అందులో చదివేవాళ్ళ పట్ల ఎలాంటి బాధ్యత ఉంటుంది అన్నదే ఈ వ్యాసంలో చెప్పుకుందాం.

ముందు ఆ మాటకు అర్థం చూద్దాం. కొత్త ఊరికి వెళ్ళినప్పుడు క్వార్టర్స్ ఖాళీ లేకపోతే అద్దె ఇల్లు చూపించడానికి ఒక మధ్యవర్తి వస్తాడు. ఇల్లు కుదిరితే అతనికి కమీషన్ ముడుతుంది, కుదరకపోతే ఏమీ ఉండదు. అఫిలియేట్ పద్ధతి అలాంటిదే. ఒకరు తమ సైటులో ఒక వస్తువు గురించి రాసి, దుకాణానికి లింకు ఇస్తారు. చదివినవాళ్ళు ఆ లింకు మీద నొక్కి, అక్కడ వస్తువు కొంటే, ధరలో కొద్ది శాతం రాసినవాళ్ళకు వస్తుంది. కొనేవాళ్ళకు ధర పెరగదు. దుకాణం తన లాభంలోంచి ఇస్తుంది. 1994లో అమెరికాలో సీడీనౌ అనే సంగీతం దుకాణం ఇలాంటి పద్ధతి మొదలుపెట్టింది. 1996 జులైలో అమెజాన్ తన అసోసియేట్స్ పథకం తెచ్చాక అది ప్రపంచమంతా పాకింది. అమెజాన్ భారతదేశపు దుకాణం 2013 జూన్‌లో తెరుచుకుంది. ఇప్పుడు మన దేశంలో ఫోన్ల గురించి, వంటపాత్రల గురించి, పరీక్షల పుస్తకాల గురించి రాసే ఎన్నో సైట్లకు ఈ కమీషనే ఆధారం.

మనకు ఇందులో ఏం సంబంధం అనుకోవచ్చు. సంబంధం ఉంది. జోధ్‌పూర్‌లోనో, షిల్లాంగ్‌లోనో, పఠాన్‌కోట్‌లోనో ఉన్నప్పుడు తెలుగు కథల పుస్తకం కావాలంటే వీధి చివరి పుస్తకాల కొట్లో దొరకదు. విజయవాడలోనో హైదరాబాదులోనో ఉన్న చుట్టాలు ఎవరైనా వస్తూ తేవాలి, లేదా ఇంటర్నెట్‌లో వెతికి తెప్పించుకోవాలి. వెతికేటప్పుడు ఎవరో ఒకరు "ఈ పుస్తకం బాగుంది, ఇక్కడ కొనండి" అని రాసిన పేజీ మీదే మనం ఆధారపడతాం. ఆ లింకు పనిచేయకపోతే పుస్తకం మన దాకా రాదు. ఆ లింకు నిజాయితీగా లేకపోతే ఇంకేదో వస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. తెలుగు పిల్లల పుస్తకాల గురించి సైటు నడిపే ఒక అక్క ఉందనుకోండి. ఇది మేము ఊహించుకున్న అక్క. నాలుగేళ్ళలో నూట యాభై వ్యాసాలు రాసింది. ఒక్కో వ్యాసంలో రెండు మూడు పుస్తకాలకు లింకులు ఇచ్చింది. ఇప్పుడు ఆమె సైటులో దాదాపు నాలుగు వందల లింకులున్నాయి. వచ్చే కమీషన్‌తో సైటు పేరుకు ఏడాదికోసారి కట్టాల్సిన రుసుమూ, సర్వర్ అద్దే గడుస్తాయి. మిగిలితే కొత్త పుస్తకాలు కొంటుంది. ఆ కమీషన్ ఆగిపోతే సైటు కూడా ఆగిపోతుంది.

ఆమె ఇచ్చే లింకును విప్పి చూస్తే అందులో రెండు సంగతులు కనిపిస్తాయి. ఒకటి, ఏ వస్తువు. రెండు, ఎవరు పంపారు. అమెజాన్ లింకులో వస్తువును గుర్తించడానికి పది అక్షరాల కోడ్ ఒకటి ఉంటుంది. అచ్చు పుస్తకాలకైతే సాధారణంగా అది పాత పద్ధతిలోని పది అంకెల ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్యే. ఆ తర్వాత ప్రశ్నార్థకం గుర్తు, దాని వెనుక 'ట్యాగ్' అన్న మాట, సమానం గుర్తు, పంపినవారి పేరు. భారతదేశపు ఖాతాలకు ఆ పేరు చివర గీత పెట్టి 21 అని ఉంటుంది, అమెరికా ఖాతాలకు 20 అని ఉంటుంది. ఈ చిన్న తోక ఊడిపోతే పుస్తకం అమ్ముడవుతుంది కానీ అక్కకు పైసా రాదు. దుకాణం పేజీని తెరిచి, పైన కనిపించే చిరునామాను కాపీ చేసి వ్యాసంలో అతికిస్తే జరిగేది అదే. తోక లేని లింకు కూడా మామూలుగానే తెరుచుకుంటుంది కాబట్టి తప్పు ఎవరి కంటికీ కనబడదు.

నొక్కిన వెంటనే ఎవరూ కొనరు కదా, మరి దుకాణానికి ఎలా గుర్తుంటుంది? అందుకు కుకీ అనే పద్ధతి ఉంది. 1994లో నెట్‌స్కేప్ సంస్థలో పనిచేసే లూ మాంటుల్లీ అనే ఇంజనీరు దీన్ని తయారుచేశాడు. దుకాణం మన బ్రౌజరుకు ఒక చిన్న చీటీ ఇచ్చి దాచిపెట్టుకోమంటుంది. మళ్ళీ వెళ్ళినప్పుడు బ్రౌజరు ఆ చీటీ చూపిస్తుంది. రైల్వే క్లోక్ రూములో సామాను పెడితే ఇచ్చే రసీదు లాంటిది అనుకోండి. ఈ చీటీకి గడువు ఉంటుంది. అమెజాన్ సాధారణంగా 24 గంటలు లెక్కలోకి తీసుకుంటుంది. ఆ గడువు లోపల వస్తువును బుట్టలో వేసుకుంటే కొనడానికి ఇంకా ఎక్కువ రోజులు సమయం ఉంటుంది. కొన్ని దుకాణాలు నెల రోజులు ఇస్తాయి. ఇద్దరు ముగ్గురి లింకులు నొక్కి ఉంటే సాధారణంగా చివరివారికే కమీషన్ వెళుతుంది. మొదట ఓపిగ్గా నాలుగు పేజీలు చదివించినవారికి ఏమీ రాకపోవచ్చు. ఇది న్యాయమా అంటే మాకు కాదనిపిస్తుంది, కానీ ఎక్కువ చోట్ల నడుస్తున్న లెక్క ఇదే.

ఇక అసలు కష్టానికి వద్దాం. అక్క ఒక మంచి పుస్తకం గురించి ఎనిమిది వ్యాసాల్లో ప్రస్తావించింది. ఎనిమిది చోట్లా లింకు అతికించింది. ఆ ముద్రణ అయిపోయింది, కొత్త ముద్రణ కొత్త సంఖ్యతో వచ్చింది. ఇప్పుడు ఎనిమిది వ్యాసాలు వెతికి మార్చాలి. ఏడు దొరుకుతాయి. ఎనిమిదోది మరుగున పడి ఉంటుంది. అది పాత క్వార్టర్స్‌కు వెళ్ళే ఉత్తరం. ఇదొక్కటే కాదు. దుకాణం తన పేజీల చిరునామాల తీరు మార్చుకోవచ్చు. కమీషన్ పథకం మూసేయవచ్చు. లింకులను పొట్టిగా చేసే సేవ వాడితే ఆ సేవే ఆగిపోవచ్చు. గూగుల్ 2009లో తెచ్చిన పొట్టి లింకుల సేవను 2019లో ఆపేసింది. తర్వాత పాత లింకులు కూడా పనిచేయవని 2024లో ప్రకటించి, వాడుకలో ఉన్నవాటి వరకు మినహాయింపు ఇచ్చింది. అంత పెద్ద సంస్థ విషయమే అలా ఉంది. అమెరికాలోని ప్యూ పరిశోధనా కేంద్రం 2024లో చెప్పిన లెక్క ప్రకారం, 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ళ తర్వాత తెరుచుకోవడం లేదు.

దీనికి ఉపాయం చాలా పాతది. మన షావుకార్లు ఏనాడో కనిపెట్టినదే. రోజువారీ చిట్టా ఒకటి, ఖాతాల వారీ ఆవర్జా ఒకటి. వ్యాసాల్లో దుకాణం చిరునామా నేరుగా రాయకూడదు. ప్రతి పుస్తకానికీ ఒక సంఖ్య ఇవ్వాలి. వ్యాసంలో ఆ సంఖ్య మాత్రమే రాయాలి. ఆ సంఖ్యకు ఎదురుగా ఏ చిరునామా ఉందో ఒకే ఒక ఆవర్జాలో రాసుకోవాలి. చిరునామా మారితే ఆవర్జాలో ఒక్క వరుస దిద్దితే చాలు, ఎనిమిది వ్యాసాలూ ఒక్క క్షణంలో సరైపోతాయి.

మీలో కొందరు ఇది ఇప్పటికే చూసి ఉంటారు. దీక్షా వేదికతో ముడిపడిన పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్ కింద ఆరు అక్షరాల కోడ్ ఒకటి అచ్చయి ఉంటుంది. పుస్తకం అచ్చయి ఊరూరా వెళ్ళాక అందులోని గీతలు మార్చడం ఎవరి తరమూ కాదు. కానీ ఆ కోడ్ వెనుక ఏ పాఠం, ఏ వీడియో ఉండాలో దీక్షాలో ఎప్పుడైనా మార్చవచ్చు. అందులో కమీషన్ ఏమీ లేదు, కానీ పద్ధతి ఒకటే. అచ్చులో సంఖ్య ఉంటుంది, చిరునామా రిజిస్టరులో ఉంటుంది.

సంఖ్య ఇవ్వడంలో ఒక నియమం పాటించాలి. మన బడిలో అడ్మిషన్ రిజిస్టరు ఉంటుంది. ఒకరు టీసీ తీసుకుని వెళ్ళిపోయినా వాళ్ళ అడ్మిషన్ నంబరును ఇంకొకరికి ఇవ్వరు. లింకుల ఆవర్జాలోనూ అంతే. 17వ సంఖ్య ఒక పుస్తకానిది అయితే, ఆ పుస్తకం ఎక్కడా దొరకకుండా పోయినా 17 దానిదే. ఖాళీగా ఉంది కదా అని వేరే పుస్తకానికి ఇస్తే, పాత వ్యాసంలో ఒక పుస్తకం పేరు చదివి నొక్కినవాళ్ళు ఇంకో పుస్తకం ముందు నిలబడతారు. సంఖ్యలో దుకాణం పేరు కలపడం కూడా మంచిది కాదు, రేపు దుకాణం మారవచ్చు.

ఆవర్జాలో ఏమేం రాయాలి? పుస్తకం పేరు, రచయిత, ప్రచురణకర్త, 13 అంకెల ఐ.ఎస్.బి.ఎన్., ఇప్పటి దుకాణం చిరునామా, పథకం పేరు, ఆ లింకు ఏయే వ్యాసాల్లో ఉందో, చివరిసారి తెరిచి చూసిన తేదీ. ఈ చివరి గడి చాలామంది వదిలేస్తారు. మాకు మాత్రం అన్నిటికన్నా ముఖ్యమైనది అదే అనిపిస్తుంది, ఎందుకంటే తేదీ లేని రిజిస్టరు చూస్తే అన్నీ బాగున్నట్టే ఉంటుంది. ఐ.ఎస్.బి.ఎన్. ఎందుకంటే దుకాణం చిరునామా పోయినా ఆ సంఖ్యతో పుస్తకాన్ని ఇంకో చోట వెతుక్కోవచ్చు. 1970కి ముందు అచ్చయిన పాత పుస్తకాలకు అది ఉండదు, అప్పుడు ముద్రణ సంవత్సరం రాసుకోవాలి. పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, మనం కంప్యూటర్ ల్యాబులో వాడే స్ప్రెడ్‌షీటు సరిపోతుంది. ఒక్క జాగ్రత్త. అంతా ఒకే చోట ఉంది కాబట్టి అక్కడ జరిగే తప్పు కూడా అన్ని పేజీలకూ ఒకేసారి పాకుతుంది. దిద్దే ముందు నిన్నటి ప్రతిని వేరే చోట దాచుకోవాలి.

వ్యాసంలోని సంఖ్యను చిరునామాగా మార్చడానికి రెండు దారులు ఉన్నాయి. మొదటిది, పేజీ తయారయ్యేటప్పుడే సైటు తన ఆవర్జా చూసి సంఖ్య ఉన్న చోట అసలు చిరునామా పెట్టేయడం. రెండవది దారి మళ్ళింపు. లింకు నొక్కినప్పుడు ముందు అక్క సైటులోనే ఉన్న 'కొను-17' లాంటి చిన్న చిరునామాకు వెళుతుంది. అక్కడి సర్వర్ ఆవర్జా చూసి "ఫలానా చోటికి వెళ్ళు" అని బ్రౌజరును పంపుతుంది. రెండవ దారిలో నొక్కిన లెక్క కూడా దొరుకుతుంది కనుక చాలామంది దాన్నే ఇష్టపడతారు. కానీ ఏ దుకాణానికి వెళుతున్నారో చదివేవాళ్ళకు తెలియకుండా దాచడాన్ని అమెజాన్ వంటి పథకాలు ఒప్పుకోవు. అలాంటి చోట మొదటి దారే క్షేమం. ఏ దారి పట్టినా ఆ పథకం నియమాలు ఒకసారి చివరిదాకా చదవాలి. అవి నిద్ర తెప్పించేలా ఉంటాయన్నది నిజమే.

దారి మళ్ళింపులో రెండు రకాలు ఉన్నాయి. వీటిని బదిలీల ఇళ్ళల్లో పెరిగిన మనకన్నా సులువుగా ఎవరూ అర్థం చేసుకోలేరు. సర్వర్ 301 అనే సంఖ్య చెప్పి పంపితే అది శాశ్వత బదిలీ. 302 అని చెప్పి పంపితే అది టూరు లేదా డిప్యుటేషన్, అంటే ఇప్పటికి అక్కడున్నారు, మళ్ళీ వచ్చి అడగండి అని. తేడా ఎక్కడొస్తుందంటే, 301 విన్న బ్రౌజరు కొత్త చిరునామాను గుర్తు పెట్టేసుకుంటుంది. తర్వాతిసారి పాత గుమ్మానికి రాకుండా నేరుగా కొత్త చోటికే వెళ్ళిపోవచ్చు. రేపు అక్క ఆవర్జాలో దుకాణం మార్చినా, నిన్న నొక్కిన వాళ్ళ బ్రౌజర్లు ఇంకా పాత దుకాణానికే వెళుతుంటాయి. వాళ్ళ నొక్కులు లెక్కలోకీ రావు. 302 అయితే ప్రతిసారీ వచ్చి అడుగుతుంది. అందుకే మారే అవకాశం ఉన్న లింకులకు 302 వాడతారు. సైటు పేరే మారిపోతే, వెనక్కి వెళ్ళే ప్రశ్నే లేకపోతే, అప్పుడు 301.

రిజిస్టరు పెట్టుకున్నంత మాత్రాన పని అయిపోదు. దాన్ని చూస్తూ ఉండాలి. లింకు తెరిచినప్పుడు సర్వర్ ఇచ్చే సంఖ్యలు కొన్ని తెలిస్తే సగం పని సులువు. 200 అంటే పేజీ ఉంది. 404 అంటే ఆ చిరునామాలో ఏమీ లేదు. 410 అంటే కావాలనే తీసేశారు. 500తో మొదలైతే అవతలి సర్వర్‌కు జబ్బు చేసింది, రేపు మళ్ళీ చూడాలి. నాలుగు వందల లింకులను తెరిచి ఈ సంఖ్యలు రాసే చిన్న ప్రోగ్రామును పైథాన్ నేర్చుకున్న పదకొండో తరగతి విద్యార్థి రాయగలడు. అయితే ట్యాగ్ తోక తీసేసిన చిరునామాలనే పరీక్షించాలి. తోకతో సహా నాలుగు వందల సార్లు తెరిస్తే దుకాణం లెక్కల్లో అవి దొంగ నొక్కుల్లా కనిపిస్తాయి. సొంత లింకు మీద తామే నొక్కి కొనుక్కుని కమీషన్ తీసుకోవడాన్ని కూడా అమెజాన్ ఒప్పుకోదు. కొన్ని దుకాణాలు ప్రోగ్రాముతో తెరవడాన్ని అసలు అనుమతించవు. అప్పుడు మనిషే కూర్చుని రోజుకు ఇరవై చొప్పున చూసుకోవాలి.

పైగా 200 వచ్చిందంటే అంతా బాగుందని కాదు. పేజీ తెరుచుకుంటుంది, లోపల "ప్రస్తుతం స్టాకు లేదు" అని ఉంటుంది. యంత్రానికి అది 200, చదివేవారికి అది 404. ఇంతకన్నా ప్రమాదమైనది ఇంకొకటి ఉంది. ఒక చిన్న ప్రచురణకర్త తన సైటు పేరుకు రుసుము కట్టడం మానేస్తే, ఆ పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు. కొన్నవాళ్ళు అక్కడ జూదం ప్రకటనలు పెట్టవచ్చు. పిల్లల కథల పుస్తకం అని నొక్కితే జూదం పేజీ తెరుచుకుంటుంది. సర్వర్ మాత్రం దర్జాగా 200 అనే చెబుతుంది. అందుకే పేజీ ఉందా లేదా అని మాత్రమే కాకుండా, పేజీలో పుస్తకం పేరు ఉందా అని కూడా చూడాలి. పిల్లల కోసం నడిపే సైటుకు ఇది ఐచ్ఛికం కాదు.

పుస్తకం నిజంగానే దొరకకుండా పోతే ఏం చేయాలి? ఇంకో దుకాణంలో ఉందేమో చూడాలి, ప్రచురణకర్త దగ్గర ఉందేమో చూడాలి. అక్కడ కమీషన్ ఉండకపోవచ్చు, అయినా లింకు అక్కడికే ఇవ్వాలి. ఎక్కడా లేకపోతే 17వ సంఖ్యను "ఈ పుస్తకం ప్రస్తుతం అమ్మకంలో లేదు, గ్రంథాలయంలో ప్రయత్నించండి" అని చెప్పే సొంత పేజీకి తిప్పాలి. ఆ మాట చెప్పకుండా కమీషన్ వచ్చే మరో పుస్తకానికి తిప్పడం చాలా సులువు. ఆవర్జాలో ఒక్క గడి దిద్దితే చాలు. కానీ వ్యాసంలో పొగిడింది ఒకదాన్ని, అమ్మేది ఇంకొకదాన్ని అవుతుంది. ఒకే చోట అంతా మార్చగలిగే సౌకర్యంతో పాటే వచ్చే ప్రలోభం ఇది.

ఇప్పుడు లెక్కల సంగతి. అన్ని వ్యాసాలకూ ఒకే ట్యాగ్ వాడితే నెల చివర మొత్తం ఎంత వచ్చిందో తెలుస్తుంది గానీ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. అందుకే పథకాలు ఒకే ఖాతా కింద వేరువేరు ట్యాగులు పెట్టుకోనిస్తాయి. ఒక్కో విభాగానికి ఒక్కో ట్యాగ్ ఇస్తే ఎవరి ఖాతా వాళ్ళకు ఉన్నట్టు అవుతుంది. లెక్క చూపించడానికి కొన్ని అంకెలు మేమే వేసుకుంటాం. ఒక నెలలో 'వేసవి కథలు' వ్యాసంలోని లింకును 400 మంది నొక్కారు, నలుగురు కొన్నారు. అంటే ఒక శాతం. 'సామెతల పుస్తకం' వ్యాసంలోని లింకును 50 మంది నొక్కారు, ఐదుగురు కొన్నారు. అంటే పది శాతం. పుస్తకం ధర 200 రూపాయలు, కమీషన్ 5 శాతం అనుకుంటే ఒక్కో అమ్మకానికి 10 రూపాయలు. మొదటి వ్యాసం 40 రూపాయలు తెచ్చింది, రెండవది 50.

నొక్కులే చూసి ఉంటే మొదటి వ్యాసమే గొప్పదనిపించేది. తేడా ఎందుకు వచ్చిందో అంకెలు చెప్పవు, వెళ్ళి చూడాలి. మొదటి లింకు అవతల స్టాకు లేదేమో. లేదా రెండవ వ్యాసంలో ఎన్ని పేజీలున్నాయి, అక్షరాలు ఎంత పెద్దవి, ఏ తరగతి పిల్లలు సొంతంగా చదువుకోగలరు అని వివరంగా రాసి ఉందేమో. కొనాలో వద్దో నొక్కే ముందే తేలిపోయింది కాబట్టి నొక్కినవాళ్ళు కొన్నారు. నొక్కుల్లో మనుషులు కాని ప్రోగ్రాములు కూడా ఉంటాయని మరిచిపోకూడదు. సెర్చి ఇంజన్ల ప్రోగ్రాములు కనబడిన ప్రతి లింకునూ తెరుస్తుంటాయి. కొన్నవాళ్ళు వస్తువు వాపసు చేస్తే ఇచ్చిన కమీషన్ వెనక్కి పోతుంది. అందువల్ల అక్క చిట్టాలోని నొక్కులూ, దుకాణం చూపే నొక్కులూ, చేతికి వచ్చిన డబ్బూ ఎన్నడూ ఒకదానికొకటి సరిపోవు. కొద్ది తేడా సహజం. సగానికి సగం తేడా వస్తే ఎక్కడో తోక ఊడిందని అర్థం.

లెక్క చూడటానికి ఎవరు నొక్కారో పేరు తెలియనవసరం లేదు. ఏ లింకు, ఏ రోజు, ఎన్నిసార్లు అన్నది చాలు. ఫోన్ నంబరు, ఊరు, బడి పేరు అడిగే అవసరం లింకుల లెక్కకు ఎక్కడా రాదు. మన దేశపు డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 ప్రకారం పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళంతా పిల్లలే. వాళ్ళ కదలికలను వెంటాడి గమనించడాన్నీ, వాళ్ళను గురిపెట్టి ప్రకటనలు చూపడాన్నీ ఆ చట్టం నిషేధించింది.

లెక్కలు ఉన్న చోట దొంగ లెక్కలు ఉంటాయి. కుకీ చీటీ సంగతి చెప్పుకున్నాం కదా. కొందరు లింకు ఎవరూ నొక్కకుండానే, తమ పేజీ తెరిచిన ప్రతివారి బ్రౌజరులోకీ ఆ చీటీని రహస్యంగా జొప్పించారు. తర్వాత ఆ మనిషి తనంతట తానే దుకాణానికి వెళ్ళి ఏది కొన్నా కమీషన్ వీళ్ళకు చేరుతుంది. ఇల్లు మనమే వెతుక్కుంటే, వీధి మలుపులో నిలబడ్డ మధ్యవర్తి వచ్చి "నేనే చూపించాను" అన్నట్టు. ఇలా చేశారని ఈబే సంస్థ 2008లో తన పథకంలో అందరికన్నా ఎక్కువ కమీషన్ తీసుకున్న వాళ్ళ మీదే అమెరికాలో దావా వేసింది. తర్వాత అది నేర విచారణ దాకా వెళ్ళి శిక్షలు పడ్డాయి. నష్టం దుకాణానిది మాత్రమే కాదు. చివరి చీటీదే కమీషన్ అన్న లెక్క వల్ల, నిజంగా రాసి నిజంగా పంపినవాళ్ళ కమీషన్ కూడా ఈ దొంగ చీటీలకే పోతుంది.

చివరిగా, చదివేవాళ్ళకు చెప్పడం. లింకు వల్ల తనకు డబ్బు వస్తుందని అక్క చెప్పాలా? చెప్పాలి. ఇది మర్యాద మాత్రమే కాదు, నియమం కూడా. ప్రకటనల ప్రమాణాల మండలి అయిన ఆస్కి 2021లో ఇన్‌ఫ్లుయెన్సర్ల కోసం మార్గదర్శకాలు తెచ్చింది. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తప్పుదారి పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. సిఫారసు చేసేవారికీ అమ్మేవారికీ మధ్య సంబంధం ఉంటే అది బయటపెట్టాలన్నది వీటి సారం. 2023 జనవరిలో వినియోగదారుల వ్యవహారాల శాఖ విడుదల చేసిన సూచనల్లో మనకు పనికొచ్చే మాట ఒకటుంది. సిఫారసు ఏ భాషలో ఉంటే ప్రకటన సంగతి కూడా ఆ భాషలోనే చెప్పాలి. తెలుగులో పుస్తకాన్ని పొగిడి, పేజీ అడుగున చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో కమీషన్ సంగతి రాస్తే చెప్పినట్టు కాదు. "ఈ లింకు ద్వారా కొంటే మాకు కొద్ది కమీషన్ వస్తుంది, మీకు ధర పెరగదు" అని లింకు పక్కనే రాస్తే సరిపోతుంది. సెర్చి ఇంజన్లకు కూడా ఇది డబ్బు సంబంధం ఉన్న లింకు అని చెప్పడానికి 'స్పాన్సర్డ్' అనే గుర్తును 2019లో గూగుల్ తెచ్చింది. అన్ని లింకులూ ఆవర్జా నుంచే వస్తుంటే ఈ వాక్యం, ఆ గుర్తు రెండూ దానంతట అవే ప్రతి లింకుకూ చేరతాయి. ఎక్కడా మరిచిపోయే ప్రశ్న ఉండదు. మాకు ఈ పద్ధతిలో బాగా నచ్చిన సంగతి ఇదే.

మనలో ఎవరికైనా ఇలాంటి సైటు పెట్టాలనిపిస్తే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కమీషన్ పథకంలో చేరడం ఒక ఒప్పందం. మన దేశ చట్టంలో పద్దెనిమిది నిండనివారు ఒప్పందం చేసుకోలేరు, కాబట్టి ఖాతా ఇంట్లో పెద్దవాళ్ళ పేరునే ఉండాలి. కమీషన్ ఊసు లేకుండా ఈ పని నేర్చుకోవడానికి వీలైన చోటు మన బడి గ్రంథాలయం. తెలుగు పుస్తకాలు ఎక్కడెక్కడ దొరుకుతాయో ఒక స్ప్రెడ్‌షీటులో సంఖ్యలు వేసి రాయండి, పక్కన చూసిన తేదీ వేయండి. మీకు బదిలీ అయి వెళ్ళేటప్పుడు ఆ షీటును తర్వాతి తరగతి వాళ్ళకు అప్పగించి వెళ్ళండి.

ఇక చదివేవాళ్ళుగా చేయాల్సింది తక్కువే. ఫోన్‌లో లింకు మీద నొక్కకుండా కాసేపు వేలు పెట్టి ఉంచితే పూర్తి చిరునామా కనిపిస్తుంది. కంప్యూటర్‌లో అయితే మౌసు బాణాన్ని లింకు మీద నిలిపితే కింద మూలలో కనిపిస్తుంది. దుకాణం పేరు సరిగ్గా ఉందా, వెనుక తోక ఉందా చూడండి. తోక ఉన్నంత మాత్రాన భయపడనక్కర్లేదు. తోక ఉండి, పక్కన ఒక్క మాటా రాసి లేకపోతే మాత్రం ఆ పుస్తకం గురించి ఇంకొకరు ఏమన్నారో చదివి అప్పుడు అమ్మానాన్నలను అడగండి.